రెండో నంబరు బటన్

పోయిన వారం మనం తలుపు దగ్గర ఆగిపోయాం. గంట మోగింది. లోపల ముందుగదిలో అత్తాకోడళ్లు ఇద్దరే ఉన్నారు. కోడలంటే మన వార్తలమ్మే. ఒక చిన్న చానెల్లో సాయంత్రం ఏడు గంటల వార్తలు చదువుతుంది. వీధిలో పిల్లాజెల్లా అందరూ పిలిచే పేరు అదే గనక మనమూ అలాగే పిలుస్తున్నాం. ఎంతమంది చూస్తున్నారో చెప్పే అంకెలు ఈ శుక్రవారం తగ్గితే ఏడు గంటల వార్తలు ఎత్తేస్తానని యజమాని తెగేసి చెప్పాడు. "జనం ఫోనులో చూసుకుంటున్నారు, ఇంకెవరి కోసమమ్మా?" అన్నాడు. ఆ దిగులు దింపుకుందామని అత్తగారింటికి భోజనానికొచ్చిన మనిషికి టీవీ కింద, ఎప్పుడూ గుడ్డ కప్పి ఉండే చోట, ఒక నల్లపెట్టె కనబడింది.

ఎవరెవరు ఏ చానెల్ చూస్తున్నారో కొలిచే పెట్టె అది. ఊరంతా కలిపి ఏ కొద్ది ఇళ్లలోనో, మూడో కంటికి తెలియకుండా పెడతారు. చానెళ్లలో పనిచేసేవాళ్ల చుట్టాల ఇళ్లలో అసలు పెట్టకూడదు. అలాంటిది, పోయి పోయి మన వార్తలమ్మ అత్తగారింట్లోనే ఉంది. ఆమె పెట్టె వంకే చూస్తూ కుర్చీలో కూర్చుంది, అంతలో గంట మోగింది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

వచ్చింది కొలతల కంపెనీ మనిషి. మెడలో కార్డు, చంకలో ట్యాబు, ముఖాన చెమట. చూస్తే కసాయివాడిలా లేడు. పొద్దుటినుంచీ ఇళ్ల చుట్టూ తిరిగి చెప్పులరిగినవాడిలా ఉన్నాడు.

"మామ్మగారూ, బాగున్నారా? చిన్న పని మీద వచ్చానండీ."

"రా నాయనా, రా. ఎండన పడి వచ్చావు, కూర్చో. అయ్యో, అందులో కాదు, అది మా ఆయనది. ఇటు కూర్చో."

టీవీకి ఎదురుగా ఉన్న పేము కుర్చీలో సగం కూర్చున్నవాడల్లా లేచి పక్క స్టూలు మీదికి మారాడు. అప్పుడు వార్తలమ్మ వంక చూశాడు. చూసి, ఇంకోసారి చూశాడు.

"మిమ్మల్నెక్కడో చూశానండీ."

వార్తలమ్మ ముఖం కిటికీ వైపు తిప్పుకుంది.

"ఆఁ, గుర్తొచ్చింది. బ్యాంకులో కదూ? లోన్ల కౌంటర్లో?"

"ఆఁ... అలాంటిదే," అంది వార్తలమ్మ, తల దించుకుని.

చూశారా చిత్రం! ఊళ్లో జనం ఏ వార్తలు చూస్తున్నారో లెక్కగట్టే మనిషి తాను మాత్రం వార్తలు చూడడు. అతనికి వార్తలంటే బస్సులో బొటనవేలితో తోసే నాలుగు ముక్కలు. ఇంకోరోజైతే ఆమె ఈ మాట ఆఫీసులో చెప్పి అందరినీ నవ్వించేది. ఇవాళ నవ్వు రాలేదు, పైగా ఏడుపొచ్చింది. పన్నెండేళ్లుగా రోజూ ఈ ముఖం పెట్టుకుని ఎవరికి చదువుతున్నట్టు?

కొలతలాయన ట్యాబు తెరిచాడు. "మీ ఇంట్లో ఇద్దరండీ. రిమోట్లో ఒకటో నంబరు మీరు, రెండో నంబరు పెద్దాయన. టీవీ ముందు ఎవరు కూర్చుంటే వాళ్ల బటన్ నొక్కాలి, అంతే కదా? మీతో ఏ ఇబ్బందీ లేదు. ఆయన విషయంలోనే మా కంప్యూటరుకి అనుమానం వచ్చింది."

"ఆయన మీద అనుమానమేమిటి నాయనా, చక్కటి మనిషైతేను."

"అదేనండీ వచ్చిన చిక్కు. మరీ చక్కగా ఉన్నారు. మనిషన్నాక ఒకరోజు జలుబు చేస్తుంది, ఒకరోజు పెళ్లికెళ్తాడు, ఒకరోజు పెళ్లాం మీద అలిగి పడుకుంటాడు. ఈయన ఒక్క రోజంటే ఒక్క రోజు మానలేదు. ఏడింటికి వస్తారు, వార్తలు చూస్తారు, వెళ్లిపోతారు. ఇంకో ప్రోగ్రాము ముట్టుకోరు. ఒకసారి పిలుస్తారా, చూసి పోతాను."

రెండేళ్ల కిందట పోయిన మామగారిని ఎక్కడినుంచి పిలుస్తుంది అత్తగారు? వార్తలమ్మ ఆవిడ వంక చూసింది. ఆవిడ మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు చెంగుతో స్టూలు పక్కన దుమ్ము దులుపుతోంది.

"ఇప్పుడా? ఇప్పుడు ఉండరు నాయనా. ఆయన వార్తల వేళకే."

"ఏడింటికి ఉంటారా మరి?"

"ఎప్పుడు లేరు గనక?"

"అయితే ఏడింటికే వస్తానండీ." అతను లేస్తూ లేస్తూ గొంతు తగ్గించాడు. "ఇంత పట్టుబడుతున్నానని ఏమనుకోకండి. ఒక్కో మనిషిని మేం పన్నెండు వేలమంది కింద లెక్కేస్తాం. మీ ఆయన కూర్చుంటే ఊళ్లో పన్నెండు వేలమంది పెద్దాళ్లు కూర్చున్నట్టు. నిజం చెప్పాలంటే ఆ ఏడు గంటల వార్తలు ఆయన మీదే నడుస్తున్నాయి. ఇందులో చానెల్ వాళ్ల చెయ్యి ఉందని తేలిందనుకోండి, వార్తలు పోవడం కాదు, చానెల్ మీదే కేసు. నొక్కినవాళ్ల మీద కూడా."

అతను మెట్లు దిగిన చప్పుడు ఆగేదాకా వార్తలమ్మ తలుపు దగ్గరే నిలబడింది. తర్వాత ఒక్కసారిగా పట్టుకుంది అత్తగారి చెయ్యి.

"అత్తయ్యా! మామయ్య పోయారు."

"నాకు తెలీదా?" అంది ఆవిడ నెమ్మదిగా. "నా పక్కనున్న మనిషి పోయాడని నువ్వు చెప్పాలా?"

"మరి ఎందుకు నొక్కుతున్నారు?"

అత్తగారు వంటింట్లోకి నడిచింది. కోడలు వెనకే వెళ్లింది. ఇక్కడ పాఠకులకు పాత సంగతి ఒకటి గుర్తుచేయాలి. మామగారు ముప్ఫై ఏళ్లు రేడియోలో వార్తలు చదివిన మనిషి. ఆయన గొంతు వస్తే క్షవరశాలలో కత్తెర ఆగేది. సగం గడ్డంతో కూర్చున్నవాడు కూడా విసుక్కునేవాడు కాదు. ఆ గొంతుకు ముఖం ఎలా ఉంటుందో ఊళ్లో ఎవరికీ తెలియదు. కోడలు టీవీలో చేరతానన్న రోజున ఆయన అన్నది ఒకటే మాట. "వార్తకి ముఖమెందుకమ్మా? ముఖం చూస్తారు, వార్త వినరు." ఆమె చేరింది. ఆయన మూతి ముడిచాడు. మాటలు పోయాయి, తర్వాత కాపురాలు వేరయ్యాయి. ఓడల మీద ఉద్యోగం చేసే కొడుకు తీరానికి వచ్చినప్పుడల్లా కలపబోయి ఇద్దరిచేతా చివాట్లు తిన్నాడు. తన వార్త ఒక్కటీ చూడకుండానే ఆయన కన్నుమూశాడని వార్తలమ్మ ఇన్నాళ్లూ కుములుతోంది.

"పెట్టె పెట్టింది ఆయన ఉండగానే," అంది అత్తగారు, పొయ్యి గట్టు తుడుస్తూ. "ఇంట్లో ఎవరెవరని అడిగారు. నేనూ మా ఆయనా అన్నాను. నువ్వు వేరే ఉంటున్నావు కదా, నీ సంగతి వాళ్లడగలేదు, నాకు తోచలేదు. ఇహ ఆ రోజునుంచి రిమోట్ నా చేతికిస్తే ఒట్టు! ఏడయ్యేసరికి చొక్కా తొడుక్కుని ఆ పేము కుర్చీలో కూర్చునేవారు."

"చొక్కా ఎందుకు?"

"నేనూ అదే అడిగాను. ఇంట్లో ఎప్పుడూ బనీనుతో తిరిగే మనిషాయె. 'అమ్మాయి ఎదురుగా బనీనుతో ఎలా కూర్చుంటానే' అనేవారు."

వార్తలమ్మ గోడకు ఆనుకుని పీట మీద కూర్చుంది.

"తిట్టేవారు కూడాలే," అంది ఆవిడ, కోడల్ని ఓదార్చే పద్ధతి అదే అయినట్టు. "'అక్కడ ఊపిరి తీసుకోకూడదు, వాక్యం విరిగిపోయింది' అనేవారు. ఒకరోజు వరద వార్త చదువుతూ నీ గొంతు వణికింది చూడు, ఆ రోజు మాత్రం ఏమీ అనలేదు. అన్నం తినకుండా పడుకున్నారు. చివర్న ఆసుపత్రిలో నన్ను దగ్గరికి పిలిచి చెప్పారు. 'నేనున్నా లేకపోయినా నాది కూడా నొక్కు. ముప్ఫై ఏళ్లు గోడకి చదివానే. స్టూడియోలో ఎదురుగా గోడ, దానికి చప్పుడు మింగే చిల్లుల అట్టలు. ఎవరు వింటున్నారో ఏనాడూ తెలీదు. అమ్మాయి గోడకి చదవకూడదు' అన్నారు. అందుకని నొక్కుతున్నాను. నీకు నచ్చకపోతే చెప్పు."

బతికుండగా ఒక్క మంచి మాట అనని మనిషి పోయాక కూడా రోజూ వచ్చి కూర్చుంటున్నాడు. ఆమె మోకాళ్లలో తల పెట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చింది. అత్తగారు కొంగుతో ముఖం తుడిచింది, నీళ్లిచ్చింది. ఏడుపు తగ్గాక భయం తిరిగొచ్చింది.

"అత్తయ్యా, అతను సాయంత్రం వస్తే నిజం చెప్పేయండి. మామయ్య లేరని. పెట్టె తీసుకుపోతే పోనీండి. వార్తలు పోతే పోతాయి. కానీ నేను మీ కోడలినని మాత్రం నోరు జారకండి. అది తెలిసిందంటే నేనే మీ చేత నొక్కించానంటారు. నన్నే కాదు, మిమ్మల్ని కూడా స్టేషన్‌కి పిలుస్తారు. మా ఆఫీసులో ఉన్న నలుగురి బతుకూ బజారున పడుతుంది."

"చెప్పమన్నది చెప్తాను. నొక్కొద్దంటే మాత్రం నా వల్ల కాదు, అతను ఎదురుగా ఉన్నా సరే. నువ్వెవరో చెప్పను. మా అమ్మతోడు, నా నోట రాదు."

వార్తలమ్మ చెప్పులేసుకుని వీధి మలుపు తిరిగింది. అప్పుడు తట్టింది అసలు సంగతి. ఆమె కాళ్లు అక్కడే ఆగిపోయాయి. నోరు ఎవరు జారితేనేం, జారకపోతేనేం? ఏడింటికి ఆ గదిలో టీవీ పెడతారు. మధ్యాహ్నం బ్యాంకు అమ్మాయి అనుకున్న మనిషి, తెరంత ముఖం వేసుకుని 'నమస్కారం' అంటుంది. కొలతలాయన స్టూలు మీద కూర్చుని చూస్తాడు.

*

"నా ముఖం ఇవాళ తెర మీద కనబడకూడదు బాబాయ్."

"ఏం, మొటిమ లేచిందా?" అన్నాడు కత్తెరబాబాయి, కాగితం మీదినుంచి తలెత్తకుండా.

కత్తెరబాబాయి అంటే వార్తల ఎడిటరు. ఎంత మంచి వార్తనైనా సగానికి కోయందే నిద్రపట్టదని ఆ పేరొచ్చింది. సెలవు పెడితే చదవడానికి ఇంకో మనిషి లేదు. ఉన్న ఇద్దరినీ కిందటి నెల పంపేశారు. ఏడింటికి వార్తలు ఎగిరిపోతే యజమానికి శుక్రవారం దాకా ఆగాల్సిన పని కూడా ఉండదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆమె తలుపు వేసి, ఉన్నదున్నట్టు చెప్పేసింది.

కత్తెరబాబాయి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"అంటే... మోకాళ్ల నొప్పుల నూనె వాళ్లు రెండేళ్లుగా మన వార్తల్లో ప్రకటనిస్తున్నది... మీ మామయ్య మోకాళ్ల కోసమా?"

ఆ మాటకు ముందు ఆయనే నవ్వాడు. ఆమే నవ్వింది. ఇద్దరూ బల్ల పట్టుకుని నవ్వారు. ఆయన కళ్లు తుడుచుకోవడం మొదలుపెట్టాడు, తుడుస్తూనే ఉన్నాడు. అది నవ్వు కాదని ఆమెకు కాసేపటికి గాని తెలియలేదు.

"నేను పేపర్లో చేరినప్పుడు ఒక్క కాపీ కొంటే పదిమంది చదివేవాళ్లు. చదువురానివాళ్లు చుట్టూ కూర్చుంటే ఒకడు పైకి చదివేవాడు. మేం రాజులమనుకునేవాళ్లం. తర్వాత రేడియోలో మీ మామయ్య గొంతు వచ్చింది. మేం తెల్లారి అచ్చేసేది ఆయన రాత్రే చెప్పేసేవాడు. ఎంత తిట్టుకున్నామో ఆయన్ని! నువ్వొచ్చి ఆయన్ని ఇంట్లో కూర్చోబెట్టావు. ఇప్పుడు ఫోను తోసే బొటనవేలు వచ్చి నిన్ను లేవమంటోంది. ఎవడి కుర్చీ వాడిది కాదు తల్లీ ఈ పనిలో. కానీ ఒక్కటి చెప్పు, ఆ పన్నెండు వేలమందిలో ఒక్కడన్నా బతికున్నవాడు ఉంటాడంటావా?"

"ఉంటాడు బాబాయ్. ఉండకపోతే మా అత్తయ్య ఉంది. నన్ను చదవనివ్వండి. ముఖం వేయకండి. బొమ్మలు, మ్యాపులు వేయండి. వెనక నా గొంతు వస్తుంది."

"ముఖం లేకుండా వార్తలా? ఇదేమన్నా రేడియో అనుకున్నావా?"

"ఈ పూటకి రేడియోనే."

ఆయన కళ్లజోడు పెట్టుకుని, బొమ్మలు వెతకడానికి లేచాడు.

ఇక్కడ వార్తలమ్మ చేయవలసిన పని ఒకటి మిగిలింది. అత్తగారికి ముందుగా చెప్పాలి. ఇవాళ నేను కనబడను, కంగారుపడకండి అని ఒక్క ముక్క చెప్పాలి. ఫోను చేసింది. మోగింది, ఎవరూ తీయలేదు. మళ్లీ చేసింది. అప్పుడు గుర్తొచ్చి నెత్తి కొట్టుకుంది. వార్తల వేళకు ఇంట్లో ఏ చప్పుడూ ఉండకూడదని మామగారి కట్టడి. సాయంత్రం కాగానే ఫోనును దుప్పట్ల మధ్య చుట్టి బీరువాలో పెట్టి తాళం వేయడం ఆ ఇంటి ఆచారం. ఆయన పోయినా అది పోలేదు. బీరువాలో దుప్పట్ల మధ్య ఫోను మోగుతూనే ఉంది.

గొంతు రికార్డు చేసే చిన్న గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. ఎదురుగా గోడ. దానికి చిల్లుల అట్టలు. ఇన్నేళ్లుగా ఆ ఆఫీసులో ఉన్నా ఆ గోడను ఆమె సరిగా చూసింది ఆ రోజే. ఎర్ర బల్బు వెలిగింది. 'ఊపిరి ఇక్కడ తీసుకోనా మామయ్యా?' అని మనసులోనే అడిగి, చదవడం మొదలుపెట్టింది.

*

కొలతలాయన చెప్పిన వేళకే వచ్చాడు. వచ్చేసరికి టీవీ పెట్టి ఉంది. పేము కుర్చీ టీవీకి తిన్నగా జరిపి ఉంది. దాని వీపు మీద, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా ఒకటి బొత్తాలు కూడా పెట్టి వేసి ఉంది. కుర్చీలో ఎవరూ లేరు.

అతను చొక్కా చూశాడు. మామ్మగారిని చూశాడు. మూర్ఖుడు కాదు, అడగకుండానే అర్థమయింది.

"ఎన్నాళ్లయిందమ్మా?"

"రెండేళ్లు నాయనా. నొక్కమని ఆయనే చెప్పి పోయారు. నీకు అబద్ధం చెప్పలేదు, వార్తల వేళకి ఉంటారనే చెప్పాను. తప్పయితే పెట్టె పట్టుకుపో. ఇవాళ్టికి మాత్రం నొక్కనివ్వు."

ఆవిడ ఒకటో బటన్ నొక్కింది. తర్వాత రెండోది. పెట్టె మీద చిన్న దీపాలు రెండూ వెలిగాయి.

అతను ట్యాబు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. తెర మీద రెండు గళ్లున్నాయి. 'సభ్యుడు మరణించారు.' 'సభ్యుడు ఊళ్లో లేరు.' రెండోది నొక్కితే తనిఖీ వచ్చే నెలకి వాయిదా పడుతుంది, అప్పటిదాకా లెక్క పాతదే నడుస్తుంది. మొదటిది నొక్కితే పని అయిపోతుంది. పెట్టె తీసి బ్యాగులో వేసుకుని, ఇంకో ఇల్లు చూసుకోవచ్చు. అతను ఆ పని రోజూ చేసేదే. కానీ ఆ చొక్కా కాలరు చూస్తుంటే చెయ్యి రాలేదు. ఎవరూ వేసుకోని చొక్కాను ఈవిడ రోజూ ఉతికి ఇస్త్రీ చేస్తోంది.

"ఈ నెలకి ఊళ్లో లేరని రాస్తానమ్మా," అన్నాడు. "వచ్చే నెల మళ్లీ వస్తాను. అప్పటికి చూద్దాం."

ముందు మిగతా వివరాలు నింపసాగాడు, రెండో గడి నొక్కడం ఒక్కటే చివరికి మిగిలింది. ఆ నొక్కు ఒక్కటి పడితే సరిపోయేది. చానెల్ నిలిచేది, నలుగురి బతుకూ నిలిచేది.

టీవీలో వార్తలు మొదలయ్యాయి. వంతెన బొమ్మ వచ్చింది, గొంతు వచ్చింది. మ్యాపు వచ్చింది, గొంతు వచ్చింది. ముఖం రాలేదు. మామ్మగారు కళ్లజోడు తీసి కొంగుతో తుడిచి పెట్టుకుంది. రెండో వార్తకూ రాలేదు. ఆవిడ లేచి టీవీ దగ్గరికెళ్లి, తెర మీద చెయ్యి పెట్టింది. యజమాని తీసేస్తానన్నాడని మధ్యాహ్నం దిగులుగా వచ్చిన పిల్ల. తీసేశారా? ఒంట్లో బాగాలేదా? దారిలో ఏమన్నా అయిందా? పన్నెండేళ్లుగా ఏడు కొట్టగానే ఎదురుగా వచ్చి కూర్చునే ముఖం ఇవాళ ఏది? ఆవిడకు పెట్టె గుర్తులేదు, ఒట్టు గుర్తులేదు, స్టూలు మీద ఎవరున్నారో గుర్తులేదు.

"నాయనా! నాయనా, ఇటు చూడు! గొంతు వస్తోంది, మనిషి రాదేం?"

"ఎవరండీ?" అన్నాడతను, ట్యాబులోంచి తలెత్తకుండా.

"ఎవరేమిటి, మా కోడలు! మధ్యాహ్నం నీ ఎదురుగా కూర్చుందే, ఆ పిల్లే! ఏమైందో కనుక్కో నాయనా, నీకు పుణ్యముంటుంది!"

గడి మీద ఆనబోతున్న అతని వేలు ఆగిపోయింది.

టీవీలో వార్తలమ్మ గొంతు ఊపిరి తీసుకోవలసిన చోట ఊపిరి తీసుకుని, తరువాతి వార్త చదువుతోంది.